ప్లేట్‌లెట్ చెప్పాలి, గాయం వినాలి

అందరికీ నమస్కారం. ఈ హాల్లో రోజూ డ్రెస్సింగులు చేసేవాళ్లున్నారు, ల్యాబ్‌లో సెంట్రిఫ్యూజ్ దగ్గర పనిచేసేవాళ్లున్నారు, ఇంకా చదువుకుంటున్నవాళ్లూ ఉన్నారు. అందరికీ పనికొచ్చేలా మాట్లాడతాను. ఎక్కడైనా వేగంగా పోతున్నాననిపిస్తే చెయ్యెత్తండి.

మొదట ఒక ప్రశ్న. చర్మం తెగింది, రక్తం వచ్చింది, కొద్ది నిమిషాల్లో ఆగింది. ఇందులో ప్లేట్‌లెట్ చేసిన పనేమిటి? గడ్డ కట్టించింది అని ముందు వరసలోంచి అంటున్నారు. సరే. మరి ఆ తర్వాత? గడ్డ కట్టాక దాని పని అయిపోయిందా? ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ తర్వాత సంగతే: గాయం మానడానికి ప్లేట్‌లెట్ కణాలకు పంపే సంకేతాలు, అంటే గ్రోత్ ఫ్యాక్టర్లనే ప్రొటీన్లు.

ప్లేట్‌లెట్ ఎంతుంటుంది? 2 నుంచి 3 మైక్రాన్లు. ఎముక మజ్జలో మెగాకార్యోసైట్ అని పెద్ద కణం ఒకటుంటుంది. దాని నుంచి తునకలు తునకలుగా రాలేవే ఇవి. మైక్రోలీటరు రక్తంలో 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉంటాయి, 7 నుంచి 10 రోజులు బతుకుతాయి. కేంద్రకం ఉండదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కేంద్రకం లేని కణం అవసరం వచ్చినప్పుడు కొత్తగా ప్రొటీన్లు తయారుచేసుకోవడం చాలా తక్కువ. కావలసినవన్నీ పుట్టేటప్పుడే సంచుల్లో సర్దుకుని బయల్దేరాలి.

ఆ సంచుల పేరే ఆల్ఫా గ్రాన్యూల్స్. ఒక్కో ప్లేట్‌లెట్‌లో 50 నుంచి 80 దాకా ఉంటాయి. పీడీజీఎఫ్, టీజీఎఫ్ బీటా, వీఈజీఎఫ్, ఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్లు, ఇంకా ఫైబ్రినోజెన్, ఫైబ్రోనెక్టిన్ వంటి ప్రొటీన్లు ఉండేది వీటిలోనే. డెన్స్ గ్రాన్యూల్స్ అని మరో రకం సంచులు కొన్ని ఉంటాయి. వాటిలో ఏడీపీ, సెరటోనిన్, క్యాల్షియం ఉంటాయి. అవి ముఖ్యంగా పక్కనున్న ప్లేట్‌లెట్లను లేపడానికి. మనకు ఈ రోజు ఆల్ఫా గ్రాన్యూల్సే ప్రధానం.

ఈ సంచులు ఎంత ముఖ్యమో తెలియాలంటే అవి ఖాళీగా ఉన్నప్పుడు ఏమవుతుందో చూడాలి. గ్రే ప్లేట్‌లెట్ సిండ్రోమ్ అని ఒక అరుదైన వ్యాధి ఉంది, ఎన్‌బీఈఏఎల్2 అనే జన్యువు లోపం వల్ల వస్తుంది. స్లైడు మీద రక్తం పూత పూసి రంగు వేసి చూస్తే, మామూలు ప్లేట్‌లెట్లలో ఊదారంగు చుక్కలు కనిపిస్తాయి కదా, వీళ్లలో ఆ చుక్కలు ఉండవు. ప్లేట్‌లెట్లు పెద్దగా, బూడిదరంగులో, వెలవెలబోయి కనిపిస్తాయి. రక్తస్రావం ఎక్కువగా ఉంటుంది, అది మనం ఊహించేదే. ఊహించనిది ఇంకొకటుంది. కాలక్రమేణా వీళ్ల ఎముక మజ్జలో నార పేరుకుంటుంది, గట్టిపడుతుంది. ఎందుకు? మెగాకార్యోసైట్ గ్రోత్ ఫ్యాక్టర్లను తయారు చేస్తూనే ఉంది, కానీ సంచుల్లో సర్దలేకపోతోంది. అవి మజ్జలోనే కారిపోయి అక్కడి ఫైబ్రోబ్లాస్టులను, అంటే నారను తయారుచేసే కణాలను, నిద్రలేపుతున్నాయని అర్థం చేసుకుంటున్నాం. ఆలోచించండి. అవే పదార్థాలు. చర్మంలో తెగినచోట విడుదలైతే గాయం మానుతుంది, చోటు కాని చోట విడుదలైతే జబ్బవుతుంది. అందుకే మళ్లీ మళ్లీ చెప్తాను: గ్రోత్ ఫ్యాక్టర్ ఉందా లేదా అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ఎక్కడ ఉంది, ఎంతసేపు ఉంది, వినే కణం అక్కడ ఉందా? ఈ మూడూ చూడాలి.

ఇప్పుడు విడుదల ఎలా జరుగుతుందో చూద్దాం. రక్తనాళం తెగగానే గోడ కింద దాగి ఉన్న కొల్లాజెన్ అనే నార ప్రొటీన్ బయటపడుతుంది. రక్తంలోని వాన్ విలెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ సాయంతో ప్లేట్‌లెట్ దానికి అతుక్కుంటుంది. అదే సమయంలో అక్కడ రక్తాన్ని గడ్డకట్టించే త్రాంబిన్ అనే ఎంజైము తయారవుతుంది. కొల్లాజెన్, త్రాంబిన్ రెండూ బలమైన ఉత్తేజకాలు. పలకలా ఉన్న ప్లేట్‌లెట్ గుండ్రబడి ముళ్లలా కాళ్లు చాపుతుంది, లోపలి సంచులు పొరతో కలిసిపోయి సరుకంతా బయటికి వదిలేస్తాయి. ఉన్నదాంట్లో దాదాపు 70 శాతం మొదటి 10 నిమిషాల్లోనే వచ్చేస్తుంది, గంటలోపు దాదాపు అంతా. మరి గాయం మానేది గంటలో కాదు కదా? వారాలు పడుతుంది. ఇక్కడే అసలు చిక్కు. పీడీజీఎఫ్ రక్తప్రవాహంలో కలిస్తే రెండు నిమిషాల్లో సగం మాయమవుతుంది. అలాంటప్పుడు గంటలో వెలువడ్డ మాట రోజుల తరబడి ఎలా వినిపిస్తోంది?

దానికి జవాబు ఫైబ్రిన్. గడ్డలోని ఫైబ్రిన్ దారాలు చాలా గ్రోత్ ఫ్యాక్టర్లను తమకు కట్టేసుకుంటాయి. కణాలు లోపలికి పాక్కుంటూ వచ్చి ఆ దారాలను కరిగించుకుంటున్నకొద్దీ కొంచెం కొంచెంగా వదులుతాయి. అంటే గడ్డ రక్తాన్ని ఆపడంతో పాటు గ్రోత్ ఫ్యాక్టర్‌ను దాచి పెడుతోంది, కొత్త కణాలకు నడిచే దారి కూడా ఇస్తోంది. డ్రెస్సింగులు చేసేవాళ్లు ఇది మనసులో పెట్టుకోవాలి. పొడి గాజుగుడ్డ వేసి, అది అతుక్కుపోయాక మర్నాడు లాగేస్తే ఊడి వచ్చేదేమిటి? కొత్త ఫైబ్రిన్, దాంట్లోకి అప్పుడే పాకిన కణాలు, వాటితోపాటు మన గ్రోత్ ఫ్యాక్టర్. అతుక్కుంటే సెలైన్‌తో బాగా తడిపి, నానాకే తీయండి. లాగకండి.

ఎవరు ఏం చెప్తారు

పీడీజీఎఫ్ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే దీన్ని కనిపెట్టిన తీరే విషయాన్ని చెబుతుంది. 1974లో రస్సెల్ రాస్ బృందం రక్తనాళాల గోడలోని నునుపు కండర కణాలను గిన్నెల్లో పెంచుతోంది. గడ్డకట్టిన రక్తం నుంచి తీసిన సీరం వేస్తే కణాలు చకచకా విభజన చెందుతున్నాయి. ప్లేట్‌లెట్లను ముందే తీసేసి, గడ్డకట్టనివ్వకుండా ఆపిన ప్లాస్మా నుంచి తయారుచేసిన సీరం వేస్తే పెరుగుదల నామమాత్రం. అదే రక్తం, తేడా ప్లేట్‌లెట్లే. ప్లేట్‌లెట్లను తిరిగి కలిపితే శక్తి తిరిగొచ్చింది. అంటే పెరగమని చెప్పేది గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్ లోంచే వస్తోందన్నమాట.

పీడీజీఎఫ్ రెండు గొలుసులు జతకట్టిన ప్రొటీన్. ఏఏ, ఏబీ, బీబీ అని జతలు. కణం పైనున్న గ్రాహకాలను రెండేసి చొప్పున దగ్గరకు లాగి కలిపినప్పుడే సంకేతం లోపలికి వెళ్తుంది. దాని పని మూడు రకాలు. న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు అనే తెల్లకణాలను పిలుస్తుంది. ఫైబ్రోబ్లాస్టులను పిలిచి, వచ్చాక సంఖ్య పెంచుతుంది. కొత్తగా పుట్టిన రక్తనాళాల చుట్టూ ఆనుడు కణాలను చేర్చి వాటిని నిలబెడుతుంది.

టీజీఎఫ్ బీటా తీరు వేరు. అది బయటికి వచ్చేటప్పుడు నిద్రపోతూ వస్తుంది, దాని మీద ఒక ప్రొటీన్ తొడుగు ఉంటుంది. ప్లాస్మిన్, త్రాంబోస్పాండిన్, ఇంటెగ్రిన్లు అనే ప్రొటీన్లు, ఇంకా ఆమ్లగుణం ఈ తొడుగును తొలగిస్తేనే పనిచేస్తుంది. పనిచేస్తే ఏం చేస్తుంది? ఫైబ్రోబ్లాస్టుల చేత కొల్లాజెన్ తయారు చేయిస్తుంది, వాటిలో కొన్నింటిని మయోఫైబ్రోబ్లాస్టులుగా మారుస్తుంది. గాయం అంచులను లోపలికి లాగి ముడిచేవి అవే. ఎక్కువ కాలం ఆగకుండా మాట్లాడితే? మచ్చ ఉబ్బుతుంది, గాయం హద్దు దాటి పెరిగే కెలాయిడ్ వైపు పోతుంది. కెలాయిడ్ వచ్చే తత్వం ఉన్న చర్మం మీద ఏ గ్రోత్ ఫ్యాక్టర్ చికిత్సైనా తొందరపడి మొదలుపెట్టకూడదని చెప్పేది అందుకే.

వీఈజీఎఫ్ రక్తనాళాల లోపలి పొర కణాలను మొలకెత్తిస్తుంది, ఈజీఎఫ్ పై పొర కెరటినోసైట్లను అంచుల నుంచి నడిపిస్తుంది. వీటి గురించి ఇంతకన్నా విస్తరించను. కానీ ఒక్క మాట. అదే ఆల్ఫా గ్రాన్యూల్స్‌లో రక్తనాళాల పెరుగుదలను అడ్డుకునేవి కూడా ఉన్నాయి: ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్ 4, త్రాంబోస్పాండిన్, ఎండోస్టాటిన్. పెరగమనేవీ, ఆగమనేవీ ఒకే సంచీల్లో ఉన్నాయి. కాబట్టి ప్లేట్‌లెట్లు ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిదని లెక్క వేసేవాళ్లు ఒకసారి ఆగి ఆలోచించాలి.

మరి ప్లేట్‌లెట్లు లేకపోతే గాయం మానదా? సూటిగా చెప్తాను, మానుతుంది. 2003లో ఎలుకల్లో ప్లేట్‌లెట్లను బాగా తగ్గించి చర్మానికి గాయం చేసి చూశారు. పై పొర మూసుకోవడంలో, కొత్త రక్తనాళాల్లో, కొల్లాజెన్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా వచ్చింది వాపు కణాల సంఖ్యలో. దీనికి 28 ఏళ్ల ముందు, 1975లో, గినీ పిగ్‌లలో మాక్రోఫేజ్‌లను, అంటే చెత్తను మింగే తెల్లకణాలను, తీసేసి చూశారు. అక్కడ మాత్రం చచ్చిన కణజాలం తొలగలేదు, ఫైబ్రోబ్లాస్టులు ఆలస్యంగా వచ్చాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ప్లేట్‌లెట్ మొదట మాట్లాడుతుంది, గట్టిగా మాట్లాడుతుంది. కానీ రెండో మూడో రోజు నుంచి అవే మాటలు, పీడీజీఎఫ్, టీజీఎఫ్ బీటా, వీఈజీఎఫ్, మాక్రోఫేజ్ నోటి నుంచి వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న శరీరంలో ఈ అప్పగింత దానంతట అదే జరిగిపోతుంది. మన దగ్గరికి వచ్చే మొండి పుండ్లలో జరగనిది సరిగ్గా ఇదే.

ఇంకో సంగతి, కుట్లు తీసేవాళ్ల కోసం. పైకి మూసుకున్న గాయం బలపడిన గాయం కాదు. మొదటి వారం చివర్లో దాని గట్టిదనం మామూలు చర్మంలో 3 శాతం లాంటిది. మూడు వారాలకు 20 శాతం. మూడు నెలలకు 80 శాతం దాకా వస్తుంది, అంతకుమించి ఎప్పటికీ రాదు. ముందు పడేది మూడో రకం కొల్లాజెన్, తర్వాత మెల్లగా మొదటి రకం దాని స్థానంలోకి వస్తుంది. దీన్ని ఏ ఇంజెక్షనూ వారంలో పూర్తి చేయలేదు.

మొండి పుండు ఎందుకు వినదు

మధుమేహం ఉన్న మనిషి అరికాలి పుండు తీసుకుందాం. మూడు నెలలుగా అలాగే ఉంది. అంచు దగ్గర కాయ కాచిన చర్మం, అడుగున పసుపుపచ్చని జిగట, రోజూ రసి కారుతోంది. ఇందులో గ్రోత్ ఫ్యాక్టర్ లేదా? రక్తం అందుతున్న పుండైతే ఉంటుంది. కానీ ఆ రసిలో న్యూట్రోఫిల్ ఎలాస్టేజ్, ఎంఎంపీ 8, ఎంఎంపీ 9 వంటి ప్రొటీన్లను కోసే ఎంజైములు మోతాదు మించి ఉంటాయి. అవి గ్రోత్ ఫ్యాక్టర్‌నూ ముక్కలు చేస్తాయి, దాన్ని పట్టుకోవలసిన గ్రాహకాలనూ కోస్తాయి. తాజా గాయం నుంచి తీసిన ద్రవాన్ని గిన్నెలోని ఫైబ్రోబ్లాస్టుల మీద వేస్తే అవి పెరుగుతాయి, మొండి పుండు ద్రవం వేస్తే పెరుగుదల ఆగిపోతుంది. దానికి తోడు అంచుల్లోని ఫైబ్రోబ్లాస్టులే ముసలివైపోయి ఉంటాయి, ఎంత పిలిచినా స్పందన తక్కువ. పైన బ్యాక్టీరియా పొర.

అలాంటి పుండు మీద మనం పీఆర్‌పీ, అంటే రోగి రక్తం నుంచే ప్లేట్‌లెట్లు చిక్కగా ఉండేలా తీసిన ప్లాస్మా, పోస్తే ఏమవుతుంది? మీరే చెప్పండి. ఖరీదైన ప్రొటీన్‌ను ఆ ఎంజైములకు ఆహారంగా వేసినట్టే.

దీనికి గట్టి ఆధారం ఉంది. బెకాప్లెర్మిన్ అనే మందు మీలో కొందరికి తెలుసు. ప్రయోగశాలలో తయారైన పీడీజీఎఫ్ బీబీ, గ్రాముకు 100 మైక్రోగ్రాముల జెల్. 1997 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం పొందింది. పెద్ద పరీక్షలో 20 వారాలకు పూర్తిగా మానిన పుండ్లు మందు వేసినవాళ్లలో 50 శాతం, ఉత్త జెల్ వేసినవాళ్లలో 35 శాతం. తేడా ఉంది, కాదనను. కానీ 1996లో ఇదే మందు మీద వచ్చిన మరో విశ్లేషణ చూడండి. చచ్చిన కణజాలాన్ని తరచుగా కోసి శుభ్రం చేసిన కేంద్రాల్లో పుండ్లు ఎక్కువగా మానాయి, తక్కువగా చేసిన కేంద్రాల్లో తక్కువగా మానాయి. మందు అదే, మోతాదు అదే. తేడా కత్తి పట్టిన చేతిలో ఉంది. శుభ్రంగా కోసినప్పుడు ముసలి కణాలు, ఎంజైముల జిగట, బ్యాక్టీరియా పొర పోతాయి. పైగా తాజా రక్తం చిమ్ముతుంది, అంటే కొత్త ప్లేట్‌లెట్లు వచ్చి తమ సంచులు విప్పుతాయి. మొండి పుండు మళ్లీ తాజా గాయమవుతుంది.

ఆ జెల్ వాడే పద్ధతి కూడా చెప్పేస్తాను. రోజుకు ఒకసారి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందాన సమంగా పరచాలి. సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డ కప్పి 12 గంటలు ఉంచాలి. తర్వాత సెలైన్‌తో కడిగేసి, మిగతా 12 గంటలు మందు లేకుండా తడి గాజుగుడ్డ మాత్రమే. ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టించకూడదు. పుండు ఉన్నచోట క్యాన్సర్ ఉంటే వాడకూడదు. పది వారాల్లో 30 శాతమైనా తగ్గకపోతే కొనసాగించాలా అని మళ్లీ ఆలోచించాలి.

పీఆర్‌పీ బల్ల దగ్గర

ల్యాబ్ వాళ్లు, ఇది మీకోసం. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

రక్తం తీసేటప్పుడు పెద్ద సిర, వెడల్పాటి సూది, ఒక్క పోటుతో నెమ్మదిగా. సన్న సూదితో గట్టిగా లాగితే, లేదా గుచ్చి గుచ్చి వెతికితే, ప్లేట్‌లెట్లు గొట్టంలోకి రాకముందే ఉత్తేజితమవుతాయి. సరుకు అక్కడే ఒలికిపోతుంది. గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఆపే ఏసీడీ-ఏ గానీ సోడియం సిట్రేట్ గానీ ఉండాలి. ఊదా మూత ఉన్న ఈడీటీఏ గొట్టం లెక్కింపుకు బాగుంటుంది, దీనికి వద్దు, అది ప్లేట్‌లెట్ ఆకారాన్నీ పొరనూ చెడగొడుతుంది. గొట్టాన్ని అయిదారుసార్లు మెల్లగా తలకిందులు చేయండి, ఊపకండి. గది ఉష్ణోగ్రత 20 నుంచి 24 డిగ్రీలు. ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి ప్లేట్‌లెట్లు ఆకారం మారిపోతాయి.

ఇప్పుడు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం. ఆర్‌పీఎం అంటే నిమిషానికి ఎన్ని చుట్లో, జీ అంటే భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల బలమో. "1500 ఆర్‌పీఎం, 10 నిమిషాలు" అని కాగితం మీద రాసి గోడకు అంటించి ఉంటుంది. ఏ యంత్రానికి? ఎవరూ రాయరు. ప్లేట్‌లెట్ మీద పడే బలం చుట్ల సంఖ్యతో పాటు రోటర్ వ్యాసార్ధం మీద ఆధారపడుతుంది. లెక్క సులువే: 0.00001118 ఇంటూ సెంటీమీటర్లలో వ్యాసార్ధం ఇంటూ చుట్ల సంఖ్య వర్గం. 10 సెంటీమీటర్ల రోటర్‌లో 1500 చుట్లకు దాదాపు 250 జీ వస్తుంది. 15 సెంటీమీటర్ల రోటర్‌లో అదే 1500కు 377 జీ. మొదటి దాంట్లో ప్లేట్‌లెట్లు ప్లాస్మాలో తేలుతుంటే, రెండో దాంట్లో చాలావరకు ఎర్రకణాలతో కలిసి కిందికి పోవచ్చు. పై ప్లాస్మా చూడ్డానికి బంగారంలా ఉంటుంది, లోపల ప్లేట్‌లెట్లు ఉండవు. ఆర్‌పీఎం రాయకండి, జీ రాయండి.

మొదటిది మెత్తని తిప్పు, 200 జీ ప్రాంతంలో 10 నిమిషాలు, బ్రేకు వేయకుండా. బ్రేకు వేస్తే పొరలు కలిసిపోతాయి. కింద ఎర్రకణాలు, మధ్యలో సన్నని తెల్లపొర, పైన ప్లాస్మా. ప్లాస్మాను, తెల్లపొర అంచును వేరే గొట్టంలోకి తీసి రెండోసారి ఎక్కువ బలంతో తిప్పుతారు. అడుగున ప్లేట్‌లెట్ల ముద్ద దిగుతుంది. పైన ఉన్న ప్లాస్మాలో మూడింట రెండొంతులు తీసేసి, మిగిలినదాంట్లో ముద్దను మెల్లగా కలపాలి. రెండో తిప్పు మరీ గట్టిగా ఉంటే ముద్ద విడిపోదు, ఉండలు కడుతుంది. ఉండ కట్టిందంటే సంచులు తెరుచుకున్నాయని అర్థం.

తర్వాత లెక్కపెట్టండి. దయచేసి లెక్కపెట్టండి. రోగి రక్తంలో 2 లక్షలుంటే తయారైనదాంట్లో 10 లక్షల దగ్గర ఉండాలన్నది చాలాకాలంగా పెట్టుకున్న గురి. లెక్కపెట్టకుండా ఇచ్చేది పీఆర్‌పీయో, ఉత్త ప్లాస్మాయో ఎవరికి తెలుసు? అలాగని 20 లక్షలు, 30 లక్షలు చేస్తే రెట్టింపు ఫలితం రాదు. గిన్నెల్లోని కణాల మీద మరీ చిక్కటి పీఆర్‌పీ పెరుగుదలను తగ్గించినట్టు కనిపించింది.

ఆఖరున ఉత్తేజనం. క్యాల్షియం క్లోరైడ్ కలిపితే కొన్ని నిమిషాల్లో జెల్ కడుతుంది. కలిపిన క్షణం నుంచీ గడియారం నడుస్తోంది, ఇందాక చెప్పిన 70 శాతం గుర్తుందా? పుండు శుభ్రం చేసి సిద్ధంగా ఉన్నాకే కలపండి. కలిపేసి పుండు శుభ్రం చేయడం మొదలుపెట్టకండి.

పీఆర్‌ఎఫ్, అంటే ప్లేట్‌లెట్లు నిండిన ఫైబ్రిన్ గడ్డ సంగతి అడుగుతున్నారు. అందులో గడ్డకట్టకుండా ఆపే మందు ఉండదు, కాబట్టి తీసిన వెంటనే తిప్పాలి. 2700 చుట్లు, 12 నిమిషాలు అన్నది తొలినాటి పద్ధతి, ఇక్కడా జీ లెక్కే చూసుకోండి. ఆలస్యమైతే ఫైబ్రిన్ గొట్టమంతా చెదిరిపోయి గట్టి ముద్ద రాదు. గాజు గొట్టం గానీ లోపల సిలికా పూత ఉన్నది గానీ వాడాలి. దీనిలో మంచి గుణమేమిటంటే ఫైబ్రిన్ వల నెమ్మదిగా అల్లుకుంటుంది, గ్రోత్ ఫ్యాక్టర్ వారం, అంతకుమించి కొద్దికొద్దిగా విడుదలవుతుంది.

ఆస్పిరిన్ వేసుకునేవాళ్ల గురించి వెనకనుంచి ప్రశ్న వచ్చింది. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్ బతికినంతకాలం దాన్ని లేపే దారుల్లో ఒకటైన త్రాంబాక్సేన్ దారిని మూసేస్తుంది. త్రాంబిన్ దారి మూయదు, కాబట్టి విడుదల పూర్తిగా ఆగదు. గుండె కోసం వేసుకుంటున్న ఆస్పిరిన్‌ను పీఆర్‌పీ కోసం మీ అంతట మీరు ఆపించకండి. అది రాసిన వైద్యులతో మాట్లాడాల్సిన విషయం.

ఇంకొకరు పుండు కడగడానికి ఏం వాడాలని అడిగారు. సెలైన్. హైడ్రోజన్ పెరాక్సైడ్, నీళ్లు కలపని పోవిడోన్ అయోడిన్ ఫైబ్రోబ్లాస్టులకు విషం. మీరు పిలిచిన కణాలను మీరే చంపుకున్నట్టు. తడి ఉండాలి కానీ చిత్తడి వద్దు. తడిగా ఉంచిన గాయం మీద పై పొర దాదాపు రెట్టింపు వేగంతో పాకుతుందని 1962లోనే పందుల చర్మం మీద చూపించారు.

ఫలితం ఎలా తెలుసుకోవాలి? ప్రతి వారం ఒకే రోజు, ఒకే మనిషి, పొడవు, దానికి అడ్డంగా వెడల్పు కొలిచి గుణించి రాయండి. 4 సెంటీమీటర్లు, 3 సెంటీమీటర్లు, 12. నాలుగు వారాల తర్వాత అది 6కి దిగకపోతే అరికాలి మధుమేహ పుండు ఆ దారిలో మానే అవకాశం తక్కువ. అప్పుడు ఇంకో విడత పీఆర్‌పీ రాయకండి. కాలి వేలి రక్తపోటు కొలవండి. మధుమేహంలో చీలమండ దగ్గర ధమనులు గట్టిపడి అక్కడి రీడింగు ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. వేలి దగ్గర 30 మిల్లీమీటర్ల లోపు ఉంటే ముందు రక్తప్రసరణ సంగతి చూడాలి. శుభ్రమైన ప్రోబ్‌తో పుండు అడుగు తాకి చూడండి, గట్టిగా ఎముక తగిలితే ఎక్స్‌రే తీయించండి. ఆ కాలి మీద బరువు పడుతోందా, చెప్పు మార్చారా అడగండి. ఇవన్నీ సరిగా ఉండి కూడా నెలల తరబడి మానక, అంచు పైకి లేచి తిరగబడి ఉంటే, అంచు నుంచి బయాప్సీ పంపండి. ఆ రిపోర్టు వచ్చేదాకా ఆ పుండు మీద ఏ గ్రోత్ ఫ్యాక్టరూ వేయకండి.